ఉప్పు లేని ఆదివారాలు

పప్పును "అండీ" అని పిలిచిన మనిషిని నా జన్మలో ఒక్కరినే చూశాను. పెద్ద గిన్నెలో కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడకపోతే ఆమె పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుని, "ఉడకండి, కాస్త త్వరగా ఉడకండి, అవతల అందరూ ఆకలి మీదున్నారు" అని బతిమాలేది. పప్పుకు మర్యాదేంటని నేను నవ్వితే, "మన కోసమే కదండీ అక్కగారూ వాళ్లు ఉడుకుతున్నది, ఆ మాత్రం ఇవ్వొద్దా?" అనేది.

ఆమె పోయిందని మొన్న మార్త వచ్చి చెప్పింది. మార్త లింగంపల్లి పిల్ల. దవాఖానలో ఏ రోగి ఏం తినాలో చెప్పే పని ఆమెది, డైటీషియన్. అప్పట్లో కొత్తగా ఉద్యోగంలో చేరింది, ఇప్పుడు జుట్టు నెరిసింది. ఇద్దరం కాసేపు ఏడ్చాం. ఆ తర్వాత పప్పు సంగతి గుర్తొచ్చి నవ్వడం మొదలుపెట్టాం, చాయ్ చల్లారిపోయినా ఆపలేదు. వాళ్ల డైటీషియన్లంతా కలిసి ఆమె మీద చిన్న పుస్తకం వేస్తున్నారట, నువ్వూ చెప్పు పెద్దమ్మా అంది. నాకు సంతకం దాకానే వచ్చు. నేను చెప్తుంటే మార్త రాస్తోంది. నా మాటను పుస్తకాల భాషలోకి మారుస్తోంది, మార్చుకోనీ. మనుషులు మాట్లాడింది మాత్రం మాట్లాడినట్టే ఉంచమన్నాను. ఆమె పేరు కూడా రాయొద్దన్నాను. మా మెస్సులో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. మేస్త్రీలు "డైటమ్మ" అన్నారు, ఊరంతా అదే అంది, నాకూ డైటమ్మే.

మా ఆయన క్వారీలో పోయాక, మాదాపూర్ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో మెస్సు పెట్టుకున్నాను. అప్పుడక్కడ గుట్టలు పేల్చి కంప్యూటర్ ఆఫీసులు కడుతున్నారు. పేల్చే ముందు ఈల వేసేవాళ్లు, ఈల వినగానే గిన్నెల మీద మూతలు పెట్టుకునేవాళ్లం. రాళ్లు కొట్టేవాళ్లు, సెంట్రింగ్ వాళ్లు, మేస్త్రీలు, వీళ్లే నా గిరాకీ. ఒక మిట్టమధ్యాహ్నం ఆమె పంక్చరైన మోపెడ్‌ను తోసుకుంటూ చెమటలు కక్కుతూ వచ్చింది. పెద్ద మనిషి. ఒళ్లు కూడా పెద్దదే. బెంచీకి ఈ కొసన ఆమె కూర్చుంటే ఆ కొసన ఉన్నవాడు ప్లేటుతో సహా లేచి నిలబడ్డాడు.

అన్నం, గోంగూర పప్పు వడ్డిస్తే ముద్ద కలపలేదు. వంగి వాసన చూసింది. తర్వాత అడగడం మొదలుపెట్టింది. నూనె ఏది వాడతారు, ఈ గరిటెకు ఎంత పడుతుంది, రాళ్లు కొట్టే మనిషికి ఎన్ని రొట్టెలైతే కడుపు నిండుతుంది. మున్సిపాలిటీ నుంచి తనిఖీకి వచ్చిందనుకున్నాను.

"మేడం, మా దగ్గర అన్నీ సాఫ్‌గనే ఉంటయ్. కావాల్నంటే వంటింట్లకొచ్చి చూస్కో" అన్నాను.

"రావచ్చాండీ?" అని నిజంగానే లేచి వచ్చేసింది. ప్రతి మూతా తీసి వాసన చూసింది. "నాలుక మొహమాటపడుతుందండీ అక్కగారూ, ముక్కు పడదు" అంది. ఆ తర్వాత తినడం చూడాలి! మేస్త్రీలు తమ ప్లేట్లు మరిచిపోయి ఆమెనే చూశారు. మధ్యలో ఎవరో ఏం పని చేస్తావమ్మా అని అడిగారు. చెప్పింది. పెద్ద మేస్త్రీ ఊరుకోలేదు.

"డైటమ్మవా? డైటమ్మ అంటే సన్నగుండాలె గద?"

"ఈత నేర్పేవాడు చేపలా ఉండాలాండీ?" అని గోంగూర మళ్లీ వేయించుకుంది. ఆ రోజుతో ఆమెకు పేరు స్థిరపడింది, మా మెస్సులో చోటు కూడా.

కృష్ణా జిల్లా మనిషి. మియాపూర్‌లో గది కిరాయికి తీసుకుని ఒంటరిగా ఉండేది. ఆమె బాధ నాకు నెమ్మదిగా అర్థమైంది. అప్పట్లో దవాఖానకు ఒక్క డైటీషియన్ ఉంటే గొప్ప. డాక్టరుకు ఇంకో డాక్టరు తోడుంటాడు, నర్సుకు నర్సుంటుంది, వీళ్లకు అడగడానికి ఎవరూ లేరు. దగ్గరున్నది ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, దాని జిరాక్సులు. అందులో రొట్టె అంటే డబుల్ రొట్టె. మన జొన్నరొట్టె, సర్వపిండి, పచ్చిపులుసు ఊసే లేవట. అందుకని ఆమె మా పక్కన ఉన్న ఎస్టీడీ బూత్‌లో కూర్చుని దవాఖానలన్నిటికీ ఫోన్లు చేసింది.

"మీ దగ్గర డైటీషియన్ ఉన్నారాండీ?"

ఒకచోట అవతలివాడు అన్నాడట, "డైటీషియన్ లేడమ్మా, వంటమాస్టర్ ఉన్నడు, పిలవాల్నా?" అని. "పిలవండి!" అందట ఈమె. ఆ వంటమాస్టరుతో చారు గురించి చాలాసేపు మాట్లాడి, నవ్వుకుంటూ బయటికి వచ్చి నాకు చెప్పింది. అట్లా వెతికి వెతికి కొందరిని పట్టుకుంది. కూర్చోవడానికి చోటు కావాలి. ఆదివారం మధ్యాహ్నం మెస్సుకు సెలవు కదా, మీ బెంచీలు ఇస్తారా అని నన్ను అడిగింది.

"ఇస్త గనీ, కిరాయి?"

"మీ గిన్నెలన్నీ కడిగిపెడతామండీ."

డిగ్రీలు చదివినవాళ్లతో అంట్లు తోమించుకునే భాగ్యం ఎవరికొస్తుంది? సరేనన్నాను.

వాళ్ల ఆదివారాలు మొదలయ్యాయి. మీటింగ్ అంటే మైకు, దండ, ఉపన్యాసం అనుకున్నాను. వీళ్లు డబ్బాలతో వచ్చారు. ఎవరి దవాఖానలో రోగికి పెట్టే భోజనం వాళ్లు డబ్బాలో కట్టుకుని రావాలి. డబ్బాలన్నీ నా పెద్ద గంగాళంలో వేసి పైన తువ్వాలు కప్పేవాళ్లు. ఒక్కొక్కరే తువ్వాలు కింద చెయ్యి పెట్టి, ఏది దొరికితే అది తీసుకుని తినాలి. సొంత డబ్బా దొరికితే మళ్లీ పెట్టేసి ఇంకోటి తీయాలి. ఒకరికి షుగర్ రోగి భోజనం, ఇంకొకరికి గొట్టంలో పోసే జావ. జావ వచ్చినవాళ్ల మొహం చూడాలి! తిన్నాక ప్రతి ఒక్కరూ ఏం తక్కువైందో చెప్పాలి. "బాగుంది" అన్న మాట నిషేధం, ఎవరి నోట వస్తే వాళ్లే అందరి డబ్బాలూ తోమాలి. పాతబస్తీ నుంచి ఒకావిడ వచ్చేది, ఆపా అనేవాళ్లం, అతి మర్యాదస్తురాలు. ప్రతిసారీ నోరు జారి "బహుత్ అచ్ఛా" అనేది, ప్రతిసారీ తోమేది. ఉర్దూలో అంటే లెక్కలోకి రాదని వాదించేది కానీ ఎవరూ ఒప్పుకోలేదు.

"ఇదేం ఆటమ్మా?" అని ఒకసారి డైటమ్మను అడిగాను.

"మనం మింగలేనిది మంచం మీదున్నవాడికి ఎట్లా పెడతామండీ?" అంది.

మార్త మొదటిసారి వచ్చినప్పుడు ఆమె డబ్బా డైటమ్మకే దొరికింది. డైటమ్మ అంతా తిని, వేలు నాకి, "ఇది చేసినవాళ్లు భయపడుతూ చేశారండీ" అంది. తర్వాత ఆ భయం ఎట్లా పోగొట్టాలో చెప్పింది. జీలకర్ర ఎప్పుడు వేయాలో, ఎండుమిర్చిని నిప్పుల మీద ఎంత నల్లబడనివ్వాలో. అట్లా నా మెస్సులో ఒకరి చేతి గుట్టు ఇంకొకరి చేతికి మారేది. నేను ఓ మూలన బియ్యం ఏరుకుంటూ ఈ తమాషా చూసేదాన్ని. పొట్ట పట్టుకుని నవ్విన మధ్యాహ్నాలు అవి.

ఇక మా తమ్ముడి సంగతి చెప్పాలి.

కిష్టయ్య నాకు ఒక్కడే తమ్ముడు. మా అమ్మ పోయాక నా చేతుల మీద పెరిగినవాడు. రాతిపని మేస్త్రీ. ఒకరోజు పొద్దున లేచేసరికి వాడి మొహం బూరెలా వాచింది, కాళ్లు నొక్కితే గుంటలు పడుతున్నాయి. డైటమ్మ పనిచేసే దవాఖానకే తీసుకుపోయాం. కిడ్నీల వాపు అన్నారు. మందులతో తగ్గుతుంది, అయితే వాపు దిగేదాకా ఉప్పు పూర్తిగా మానాలి, మానకపోతే ఆ కిడ్నీలు మనకు దక్కవు అని డాక్టరు నాతో తెగేసి చెప్పాడు.

కిష్టయ్య మానడు. పనివాళ్లు చూడటానికి వస్తూ మామిడికాయ తొక్కు పచ్చడి తెచ్చారు. నర్సు సిస్టర్ దాన్ని వాడి దిండు కింద పట్టుకుంది. తొక్కు పోయాక వీడు తిండే మానేశాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఉప్పు కారం తినెటోన్ని నేను. ఉప్పు లేని బువ్వ సచ్చినోళ్లకు పెట్టుండ్రి. నేనింక బతికే ఉన్న" అన్నాడు.

నేను ఏడ్చాను, తిట్టాను, అమ్మ మీద ఒట్టు పెట్టాను. ఉప్పు పడితే వాపు, ఉప్పు లేకపోతే ముట్టడు. మందులు ఖాళీ కడుపున పడి వాంతులు. ఉన్న ఒక్క తోడబుట్టినవాడూ నా కళ్ల ముందే పోతాడనిపించింది.

డైటమ్మ ఆ ఆదివారం మెస్సుకు వచ్చి, అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. "ఈ రోజు గంగాళం లేదండీ. ఒక్క మనిషి ఉన్నాడు. ఉప్పు లేకుండా ఆయన చేత అన్నం తినిపించాలి. మీకు తెలిసిన విద్యలన్నీ తియ్యండి."

నా పొయ్యిలన్నీ వెలిగాయి. ఒకరు వెల్లుల్లి కాల్చారు, ఒకరు నువ్వులు వేయించారు, ఆపా నిమ్మకాయ పిండుతూ, "నమక్ నై తో క్యా హువా, నింబూ హై నా!" అంది. ఉప్పు లేకపోతేనేం, నిమ్మకాయ లేదా అని. ఇది ఆ రోగానికి పడుతుంది, ఇది పడదు అని వాళ్లలో వాళ్లే కొట్లాడుకున్నారు. చివరికి ఒక పప్పు, ఒక కూర తేలాయి. రుచి ఎవరు చూడాలి? వీళ్ల నాలుకలు ఎప్పుడో చప్పిడికి అలవాటు పడ్డాయి. బయట పేకముక్కలతో పత్తాలాడుతున్న మేస్త్రీలను పిలిచింది డైటమ్మ. ఉప్పు లేదని చెప్పకుండా వడ్డించమంది.

వాళ్లు తిన్నారు. పెద్ద మేస్త్రీ గిన్నె ఊడ్చేసి, "జబర్దస్త్ ఉంది డైటమ్మా! రోజూ గిట్లనే వండుమను అక్కను" అన్నాడు. ఆడవాళ్లందరూ చప్పట్లు. ఆపా ఏడ్చేసింది. మార్త గెంతింది. డైటమ్మ సంబరంగా పెద్ద మేస్త్రీ ప్లేటుకు అంటిన పప్పును వేలితో తీసి నాలుకకు రాసుకుంది. అలాగే ఆగిపోయింది.

ఉప్పగా ఉంది.

మా మెస్సులో ప్రతి బెంచీ మీద ఉప్పు గిన్నె ఉంటుంది. ఎండలో చెమట కార్చే మనుషులు, ప్లేటు ముందు పడగానే చెయ్యి దానంతటదే గిన్నెలోకి పోయి చిటికెడు తెచ్చి చల్లుకుంటుంది. చల్లుకున్నట్టు వాళ్లకే తెలియదు. అన్ని దవాఖానల డైటీషియన్లూ వరసగా నిలబడి వాళ్ల మొహాలే చూశారు. చేతులు ఒక్కరూ చూడలేదు.

డైటమ్మ బెంచీ మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది, బెంచీ కిర్రుకిర్రుమంది. "మేం పరీక్ష పెట్టి మేమే ఫెయిలయ్యామండీ!" అంది. ఉప్పు గిన్నెలన్నీ నా బియ్యం డ్రమ్ము వెనక దాచింది. మళ్లీ వండారు, మళ్లీ వడ్డించారు. ఈసారి పెద్ద మేస్త్రీ చెయ్యి బెంచీ మీద అటూ ఇటూ తడుముకుంది.

"ఉప్పు గిన్నేది?"

"లేదండీ."

"పాడు మెస్సు" అని గొణిగాడు. ఇంకోసారి నల్లగా కాల్చిన మిరపకాయ నలిపి కలిపారు, చింతపండు కాస్త పెంచారు. సాయంత్రం ఎండ వాలే వేళకు, ఆయన తల ఎత్తకుండా తిన్నాడు. ఏమీ అడగలేదు. అడగలేదని డైటమ్మ నా భుజం గిల్లి చూపించింది.

ఆ పప్పూ ఆ కూరా తీసుకుని మర్నాడు దవాఖానకు పోయాం. నేనే ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టాను.

"అండ్ల ఉప్పున్నదా?" అని అడిగాడు కిష్టయ్య.

నేను అబద్ధం చెప్పబోయాను. డైటమ్మే అంది, "లేదండీ."

గోడవైపు తిరిగాడు. అంతే. వాసన కూడా చూడలేదు. ఊరంతా కలిసి వండిన వంట మంచం పక్క బల్ల మీద చల్లారిపోయింది. బయట వరండాలో నేను ఆమె మీద పడి ఏడ్చాను. ఎప్పుడూ నవ్వే మనిషి మొహంలో నవ్వు లేకపోతే ఎట్లా ఉంటుందో అప్పుడే చూశాను. చివరికి, "రుచి దాకా రానే లేదండీ ఆయన. గుమ్మంలోనే ఆగిపోయారు" అంది. ఆ వారమంతా గ్లూకోజ్ సీసాల మీద, తేనీళ్ల మీద బతికించారు వాడిని. ముంజేతులు సన్నబడి కడియం మోచేతి దాకా జారింది.

ఆదివారం మెస్సుకు ఎవరూ రాలేదు. అందరూ ఉప్పు వేయని వంటల డబ్బాలతో నేరుగా దవాఖానకే వచ్చారు. డైటమ్మ రమ్మందట. ఇంతమంది ఒక్కసారి వార్డులో దిగేసరికి సిస్టర్ అడ్డం వచ్చింది.

"ఎక్కడికి మేడం ఇంతమంది?"

"రౌండ్స్ అండీ సిస్టర్. డాక్టర్లు గుంపుగా వస్తే మీరు అడగరు గదా?"

కిష్టయ్య మంచం పక్క మంచం ఖాళీ. దాని మీద, స్టూళ్ల మీద, కిటికీ గట్టు మీద సర్దుకుని కూర్చున్నారు. మధ్యలో నేల మీద డబ్బాలు కుప్పపోశారు. కిష్టయ్యకు మధ్యాహ్నం వచ్చి, మూత కూడా తీయని డబ్బా బల్ల మీద ఉంటే డైటమ్మ దాన్ని కూడా తీసి కుప్పలో వేసింది. పైన తువ్వాలు కప్పింది. వాడిని ఎవరూ పలకరించలేదు. అన్నం తినమని ఒక్కరూ అనలేదు. ఒక్కొక్కరే చేతులు పెట్టి డబ్బాలు తీసుకున్నారు. ఇక మాటలు చూడాలి.

"ఎవరిదండీ ఈ ఉప్మా? ఇటుకలు అతికించొచ్చు దీంతో!"

"నాదే! నువ్వు పోయినసారి తెచ్చిన కిచిడీ ఏంది మరి, సున్నం లెక్కుండె."

"హాయ్ అల్లా, ఇస్‌మే తో కుచ్ భీ నై!" ఇందులో అసలేమీ లేదని ఆపా గోల.

పక్క వరసలో రోగులు తలలెత్తి చూస్తున్నారు. ఒక ముసలాయన నవ్వాపుకోలేక దగ్గుతున్నాడు. కిష్టయ్య దుప్పట్లో కదిలాడు. ముందు ఒక కన్ను కనబడింది, తర్వాత మొహం.

"ఏందక్కా ఇది? నా మంచం కాడ పెండ్లి విందా?"

నేను జవాబు చెప్పలేదు. చెప్పొద్దని డైటమ్మ ముందే కట్టడి చేసింది. అప్పుడు వాడి చూపు ఆమె చేతిలో ఉన్న డబ్బా మీద పడింది. మూతకు పేరు చీటీ అతికించి ఉంది. అది వాడి డబ్బా. ఆమె మూత తీసి వంగి వాసన చూసి, ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

"ఏయ్, అది నాది!" అని మోచేతుల మీద లేచాడు.

"మీరు వద్దన్నారు కదండీ."

"వద్దన్న. పారేస్తరనుకున్న. తింటరనుకున్ననా?"

"పారేయడానికి వండలేదండీ" అని ఇంకో ముద్ద పెట్టుకుంది.

వాడు చూస్తూ ఉండిపోయాడు. ఆమె ఊరికే తింటోంది. మా మెస్సులో మొదటి రోజు గోంగూర పప్పు తిన్నట్టే, అంతే ఇష్టంగా.

"అండ్ల ఉప్పు లేదు గద?"

"లేదండీ."

"మరి ఎట్ల తింటున్నవమ్మా?"

"ఆకలేస్తోందండీ" అంది.

మార్త తువ్వాలును కాలితో కొద్దిగా వాడివైపు జరిపింది. "ఒకటి మిగిలింది అన్నా. నీ చెయ్యి పడలేదింక" అంది. కిష్టయ్య నావైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. వాడి చెయ్యి తువ్వాలు కిందికి పోయింది, డబ్బాతో వచ్చింది. సొరకాయ కూర, అన్నం. మార్త చేసినది. ఒక ముద్ద తిన్నాడు. ఇంకొకటి. అందరూ తమ డబ్బాలు చూస్తున్నట్టు నటిస్తున్నారు, ఎవరికీ ముద్ద దిగడం లేదు. సగం తిని తల ఎత్తాడు.

"ఇది ఎవరు చేసిన్రు?"

"నేనే" అంది మార్త.

"బిడ్డా, ఈ కూరల ఉప్పొక్కటే గాదు, వండెటోళ్లు గూడ తక్కువైన్రు."

వార్డు పగిలిపోయింది నవ్వులతో. ఇది రాయను పెద్దమ్మా అంటోంది మార్త. రాయి బిడ్డా, అందరికంటే ముందు నువ్వే నవ్వావు అన్నాను. మిగతా సగం కూడా తిన్నాడు వాడు, తిడుతూనే. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

తెల్లారి, ఎస్టీడీ బూత్ ఆయన మెస్సు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు, దవాఖాన నుంచి ఫోన్ అని. డైటమ్మ గొంతు. "అక్కగారూ, తొందరగా రండి. మీ తమ్ముడు వార్డులో గొడవ చేస్తున్నారు" అని పెట్టేసింది.

రాత్రికి రాత్రి మళ్లీ మొండికేశాడు, గ్లూకోజ్ సూది పీకేశాడు, ఇంకేదో అయింది అనుకున్నాను. చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో ఎక్కాను. మెట్లు ఎక్కుతుంటేనే వాడి గొంతు వినబడింది. వార్డు గుమ్మం దగ్గర డైటమ్మ నిలబడి ఉంది. లోపల కిష్టయ్య మంచం మీద నిటారుగా కూర్చుని, టిఫిన్ల బండి తోసే మనిషిని దులిపేస్తున్నాడు.

"ఏం టైమైంది? పొద్దెక్కింది గద! ఇడ్లీలేవి? మాకు కడుపులు లేవా? రోగులను ఆకలితోని సంపుతరా మీరు?"

వాడి నోరు మూయించాలని నేను లోపలికి అడుగు వేశాను. డైటమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది. కళ్లు తడిగా ఉన్నాయి, నోరు మాత్రం చెవుల దాకా నవ్వుతోంది.

"ఉండండి అక్కగారూ. ఆపకండి. ఇంకాసేపు తిట్టనివ్వండి."

ఇద్దరం ఆ గుమ్మంలోనే చేతులు పట్టుకుని నిలబడ్డాం. పెళ్లిలో మేళం విన్నట్టు, మా కిష్టయ్య తిట్లన్నీ చివరిదాకా విన్నాం.